సున్నా ఏ చివరన ఉందో

మొన్న గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్తే నా చేతికొక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదమన్నారు. ఊదితే దాని మీది ముల్లు అంకెల మీదుగా జరిగి ఒకచోట ఆగుతుంది. మన ఎత్తుకీ వయసుకీ ఎంత రావాలో గోడ మీద పట్టీ ఉంది, ఎంత వచ్చిందో గొట్టం మీద ఉంది, ఆ రెంటికీ మధ్య తేడానే మన జబ్బు. నాకు రావలసినదాంట్లో సగం వచ్చింది. పొగాకు బ్యారన్ల దగ్గర అన్నేళ్లు పొగలో నిలబడ్డవాడికి ఆ సగం మిగలడమే ఎక్కువ. కానీ ఇంత రావాలి, ఇంతే వచ్చింది అన్న ఆ మాట వినగానే నాకు జబ్బు సంగతి పట్టలేదు, మా బావగారి తమ్ముడి కొడుకు గుర్తొచ్చాడు.

మన వయసువాళ్లకి బ్యారన్ ఏమిటో చెప్పనక్కర్లేదు గానీ, మీ మనవలు చదివితే వాళ్ల కోసం చెబుతున్నాను. పొగాకు పచ్చి ఆకుని వేడితో ఆరబెట్టే ఎత్తైన గది, నేల మీద వేడి పొగ తిరిగే ఇనప గొట్టాలు, కప్పుదాకా కర్రలకి కట్టి వేలాడదీసిన పచ్చాకు. గోడల అడుగున గాలి లోపలికి రావడానికి చిన్న కంతలు, పైన తేమ బయటికి పోవడానికి ఇంకో కంత. ఆకు పసుపు తిరిగాక ఆ కంతలు ఎప్పుడు, ఎంత తెరవాలన్నదే అసలు పని. తొందరపడితే ఆకులో పచ్చదనం అలాగే ఉండిపోతుంది, ఆలస్యం చేస్తే ఆకు తన చెమటలో తానే ఉడికి నల్లబడుతుంది. నేను ముక్కుతో ఆకు వాసన పట్టి, బీడీ ముట్టించి కంత దగ్గర పట్టుకుని, పొగని గాలి ఎంత వడిగా లాక్కుపోతుందో చూసి, కంత తలుపు రెండు వేళ్లు జరపాలో బెత్తెడు జరపాలో చెప్పేవాణ్ణి. కనిగిరి చుట్టుపక్కల ఆ పనిలో నాకు పేరుండేది. చదువు మాత్రం లేదు. నోటిలెక్క వచ్చు, సంతకం గీకడం వచ్చు, జేబులో పెన్ను ఉండేది. ఆ పెన్ను చూసి నాలుగైదు తరగతులు చదివినవాణ్ణే అనుకునేవాళ్లు, అనుకోనిచ్చాను.

ఎనభైల నడిమి మాట. పత్తి పురుగు పాలై విసిగిపోయిన మా బావగారు ఉన్న పొలమంతా పొగాకు వేసి కొత్త బ్యారన్ కట్టించారు. మొదటిసారి ఆకు ఎక్కించే రోజున మా అక్క తలంటు పోసుకుని పొయ్యికి పసుపు కుంకుమలు పెట్టింది. ఆ ఇంటి ఆశంతా ఆ గదిలో వేలాడుతోంది. గుంటూరులో ఇంజనీరింగు ముగించిన ఆ తమ్ముడి కొడుకు కూడా అప్పుడే సామాను పట్టుకుని దిగాడు. పైకంతకి ఒక రేకు గొట్టం బిగించాడు, దాని మధ్యలో చిన్న కంత ఉన్న బిళ్ల పెట్టాడు, బిళ్లకి అటూ ఇటూ రబ్బరు గొట్టాలు తగిలించి వాటిని ఏటవాలుగా పెట్టిన ఒక గాజు గొట్టానికి కలిపాడు. గాజులో ఎర్రనీళ్లు. గాలి ఎంత ఎక్కువ పోతే ఎర్రనీళ్లు అంత పైకి పాకుతాయి, పక్కన అంకెలుంటాయి, ఆ అంకెని బట్టి కింది కంతలు ఎంత తెరవాలో కాగితం మీద తేల్చేస్తానన్నాడు.

నన్ను ఆటపట్టించేవాడు గానీ చిన్నచూపు చూసే పిల్లవాడు కాదు. కంత ఎంత వెడల్పుంటే గాలి అంత వెడల్పున పోదనీ, దాటాక సన్నబడి పదింట సుమారు ఆరు వంతులే మిగులుతుందనీ చెబితే, బీడీ పొగ కూడా అలాగే నడుము బిగించుకుని పోతుందిరా అన్నాను. ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“మావయ్యా, నేను పుస్తకంలో చదివింది నువ్వు బీడీతో చూశావే! ఇంక నీ ముక్కుకి పెన్షనిచ్చి కూర్చోబెడదాం.”

వాడికి నిచ్చెనెక్కితే కళ్లు తిరిగేవి. అందుకని నేను పైకెక్కి అంకె అరిచి చెప్పాలి, వాడు కింద పుస్తకంలో రాసుకోవాలి. నాకు అంకెలు చదవడం రాదన్న మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పెద్ద గీతలు పది ఉన్నాయి, లెక్కపెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. నిచ్చెన మీద నా మొహానికి దగ్గరగా ఉన్నది గాజు గొట్టం పైచివర, అక్కణ్ణుంచి కిందికి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. ఆకు పసుపు తిరిగింది.

“ఎంత మావయ్యా?”

“ఆరు!”

గాలి ఎక్కువైంది, కింది కంతలు కాస్త మూయమన్నాడు. మూయించాను. మళ్లీ ఎక్కితే ఏడు. ఇంకాస్త మూత. నాకు పుల్లటి వాసన తగిలింది. బీడీ ముట్టించి కంత దగ్గర పెడితే పొగ ఎటూ పోకుండా నా మొహం మీదే తచ్చాడింది. నా ముక్కు ఒకటి చెబుతోంది, నా నోరు ఇంకొకటి చెబుతోంది. ఏదో తప్పుందని తెలిసింది. కానీ ఆ తప్పేదో వెతకాలంటే ముందు నా జేబులో పెన్ను తీసి అవతల పారెయ్యాలి.

“ఎంత?”

“ఎనిమిది!”

మర్నాడు తలుపు తీస్తే ఆకంతా కాఫీ పొడి రంగు. మా అక్క ఒక ఆకు చేత్తో పట్టుకుంటే తడిగుడ్డలా వేలాడింది. ఆ ఆకు మళ్లీ కర్ర మీదే వేసి లోపలికి వెళ్లిపోయింది. బావగారు మాత్రం ఊరంతా వినేట్టు అరిచారు.

“ఏరా, నీ ఎర్రనీళ్లు తగలెయ్య! నా ఆకు ఉడకబెట్టడానికట్రా నిన్ను చదివించింది?”

వాడు పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి లెక్కలన్నీ మళ్లీ చేశాడు. తప్పు దొరకలేదు. తలెత్తి నా వైపు ఒక్కసారి చూశాడు.

“మావయ్యా, అంకెలన్నీ చూసే చెప్పావు గదా?”

“చెప్పా గదరా.”

అంతే. ఆ సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయాడు. తర్వాత ఏదో ఆఫీసులో కుదిరాడు గానీ మళ్లీ ఆ లెక్కల జోలికి పోలేదు. తనకి చేతకాదనుకున్నాడు. గాజు గొట్టం మాత్రం మా అక్క ఇంటి అటక మీద ఉండిపోయింది.

రెండు మూడేళ్లకి బడి వరండాలో పెద్దవాళ్లకి చదువు చెబుతుంటే పలక పట్టుకుని కూర్చున్నాను. ఒంట్లు రాగానే నేను చేసిన మొదటి పని ఆ గొట్టం దించి తుడిచి చూడటం. సున్నా కింది చివరన ఉంది. నేను ఎనిమిదని అరిచిన చోట రెండు ఉంది. గాలి ఆగిపోతున్నకొద్దీ నేను పెరుగుతోందని చెప్పాను, నన్ను నమ్మి వాడు ఇంకా మూయించాడు. అక్కకి చెప్పేశాను. ఆవిడ మిరపకాయల తొడిమలు తీస్తూ తలెత్తకుండానే అంది.

“అప్పుడే చెప్పుంటే ఆకు మాత్రమే పోయేది. పిల్లాడి చదువు కూడా పోగొట్టావు గదరా. నాకెందుకు చెబుతావు, వాడికి చెప్పు.”

చెప్పలేదు. పెళ్లిళ్లలో కలుస్తాం. “బీడీ మానేశావా మావయ్యా?” అని అడుగుతాడు, మానేశానంటాను. మా అక్క లేదు, బావగారూ లేరు. ఇప్పుడు బ్యారన్లలో ఏవో యంత్రాలు వాటంతటవే కంతలు తెరుచుకుంటాయట, నిచ్చెనెక్కి అంకె చెప్పమని ఎవరూ ఎవరినీ అడగరట. మంచిదే. నాలాంటివాడు ఆకు పాడుచేసే వీలు లేదు. ఒక మనిషి చెప్పిన మాట పట్టుకుని ఇంకో మనిషి లెక్కకట్టే పని కూడా లేదు.

మొన్న ఆసుపత్రిలో ఊదాక, రాసుకునే అమ్మాయి తల వంచుకునే “ఎంతొచ్చింది తాతగారూ, చూసి చెప్పండి” అంది. ముందు సున్నా ఏ చివరన ఉందో వెతికాను. ఆ తర్వాత ముల్లు చూశాను. నూట తొంభై అని చెప్పాను. ఆ పిల్ల నా చేతిలోని గొట్టం వంకైనా చూడకుండా రాసేసుకుంది. వాడూ అలాగే రాసుకునేవాడు.