పద్మజ దాచిన హంసలు

ధర్మవరంలో మా వీధి చివర పద్మజ గది ఉంది. గది నిండా వైర్లు, ఒక పాత కంప్యూటరు, కూర్చోవడానికి ఒక్క స్టూలు. పట్టుచీరల అంచులకు ఆమె అక్కడే డిజైన్లు గీస్తుంది. నేను చదివింది మూడో తరగతి. అయినా నా మగ్గం మీదికి ఏ అంచు రావాలో చెప్పేది నేనే, గీసేది ఆమె.

వాళ్ల నాయన శ్రీరంగప్ప గ్రాఫు కాగితం మీద చేత్తో గీసేవాడు. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కించేవాళ్లం. ఇప్పుడు ఆయన చూపు మందగించింది, చేయి వణుకుతుంది. గ్రాఫులకు చెదలు పడితే పద్మజ ఒక్కో కాగితాన్నీ దులిపి, ఫోటో తీసి కంప్యూటరులోకి ఎక్కించింది. కాగితాలు చేతిలోనే పొడైపోయాయి.

తర్వాత చీరల వీడియోలూ చేరి చోటు చాలక పెద్ద డిస్కు కొని, అన్నీ అందులోకి మార్చి, పాతది అమ్మేసింది. కొత్తది బిగించినవాడు జోయల్, బెంగళూరులో పనిచేసి వచ్చినవాడు.

"అక్కా, ఈ పాత సిస్టం డిస్కులో చోట్లను చిన్న అంకెల్లోనే లెక్కపెడతాది. ఆ లెక్క నిండితే ఆగదు, మళ్లా మొదటికొస్తాది. కొత్త సిస్టముల్లో ముందే పెద్ద అంకెలు పెట్టినారు. మార్చేద్దాం."

"మారిస్తే డిజైన్లు గీసే సాఫ్టువేరు నడుస్తాదా?"

"నడవదు. అదీ కొత్తది తేవాల."

"వద్దులేప్పా. మొదటికొస్తే రానీ. మా అట్టలూ అంతే గదా."

నేనూ నవ్వాను. జకార్డు అట్టలను దండలా కుట్టి వేలాడదీస్తాం. చివరి అట్ట అయిపోతే మొదటిది వస్తుంది, అంచు మళ్లీ మొదలవుతుంది. అట్లా తిరగకపోతే చీరే లేదు. జోయల్ మళ్లీ చెప్పలేదు. చదువుకున్నవాళ్లు ఒకసారి చెప్పి చేతులు దులుపుకుంటారు.

పోయిన శ్రావణంలో ఒక పెళ్లివారు శ్రీరంగప్ప హంసల అంచే కావాలన్నారు. పద్మజ ఆ ఫోటో తెరిచింది. పైసగం నిరుడు ఆమె గీసిన గులాబీలు, అడుగున హంసల కాళ్లు. ఇంకొక పాత డిజైను తెరిస్తే తెరుచుకోనే లేదు. సిస్టం లెక్క నిండి మొదటికొచ్చి, మొదట దాచినవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోయింది. మా అట్ట తిరిగొస్తే దాని పక్కదాన్ని ముట్టదు. ఇది తిరిగొచ్చి ఉన్నదాన్ని తుడిచేసింది.

జోయల్ వచ్చి చూశాడు. "పైన రాసినాక కింద ఏమీ మిగల్దక్కా," అన్నాడు. సిస్టం మార్చాడు, డిజైన్లు గీసే కొత్త సాఫ్టువేరు పెట్టాడు. "ఇంక ఎంత పెద్ద డిస్కయినా భయం ల్యా."

"ఏం దాయాలప్పా దాంట్లో, నీ పెండ్లి ఫోటోలా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

గుమ్మంలో కూర్చున్న శ్రీరంగప్ప అడిగాడు. "హంసలు దొరికినాయామ్మా?"

"వెతుకుతాండా నాయనా."

"మొదట్లోనే ఉంటాయి సూడు. నేను మొదట గీసింది అవే."

పద్మజ ఆ కాళ్ల బొమ్మనే ముందు పెట్టుకుంది. "ముక్కు యాపక్కకు తిరిగి ఉండె నాయనా?"

ఆయన చేయెత్తి గాలిలో గీసి చూపించాడు. చేయి వణుకుతూ అటూ పోయింది, ఇటూ పోయింది. ఆమె నావైపు చూసింది. ఆ అంచు నేసి నేసి నా వేళ్లు కాయలు కాశాయి. ఆ అట్టలు ఎప్పుడో అరిగిపోయాయి. నేసిందంతా అమ్మకానికే, మా ఇళ్లలో ఆ అంచు చీర ఒక్కటీ లేదు. నాకూ గుర్తు రాలేదు.