మాస్ట్రో లాపో చిల్లులు

మా మాస్ట్రో లాపోకి ఒకటే పిచ్చి. చిల్లులు. గోడంత బొమ్మని గోడంత కాగితం మీద గీసి, గీత గీతకీ సూదితో చిల్లులు పొడిస్తే గానీ ఎవరినీ కుంచె ముట్టనిచ్చేవాడు కాదు. ఆ కాగితాన్ని తడి సున్నానికి ఆనించి బొగ్గుపొడి మూటతో తడితే గోడ మీద చుక్కలు పడతాయి, వాటి వెంట రంగు వెయ్యాలి. పద్ధతే, కాదనను. కానీ మా కొర్తోనా ఊళ్ళో మిగతా చిత్రకారులు ముఖాలకో చేతులకో పొడిచి ఊరుకునేవారు. ఈయన మబ్బులకి కూడా పొడిచేవాడు. నేను చేరిన కొత్తలో ఇంత లేదు. వయసు మీద పడి ముదిరిందని అందరం అనుకున్నాం.

భోజనం దగ్గర పొడిచేవాడు. గుడిలో ప్రార్థన జరుగుతుంటే ఒళ్ళో కాగితం పెట్టుకుని పొడిచేవాడు. పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళి, అక్కడా పొడుస్తూ దొరికిపోయాడు. ఆ వేసవి ఒక మఠం గుడిలో గోడకి బొమ్మ వేసే పని ఒప్పుకున్నాం. అక్కడ బలిపీఠం వెనక ఎవరికీ కనపడని గాడిద తోకకి వెంట్రుక వెంట్రుకకీ పొడుస్తుంటే మఠాధిపతిగారు చూసి, మేము అడిగింది చిత్రమా, జల్లెడా అని నిలదీశారు. "ముందు జల్లెడ, తరవాత చిత్రం" అన్నాడు మాస్ట్రో, తలెత్తకుండా. ఆ వేసవి సగం గడిచినా గోడ తెల్లగానే ఉంది.

నేను మాత్రం నోరెత్తలేదు. నాకో రహస్యం ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గర కుంచె పట్టినవాణ్ణి. రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం నా కుడిచేతికి వణుకు అంటగట్టి పోయింది. చుక్కలుంటే ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. లేకపోతే నా గీత మేక నడిచిన దారిలా ఉండేది. తెలిస్తే పొమ్మంటారని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పనిచేసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే సున్నం పూయడం అయింది. నా వంతు దేవదూత ముఖం. చూస్తే కాగితం లేదు. మఠమంతా గాలిస్తే వంటింట్లో దొరికింది. వంట చూసే సన్యాసి ఫ్రా గౌదెంజియో దాన్ని జున్ను మీద కప్పాడు. గాలి ఆడుతుంది, ఈగ దూరదు, ఇంత మంచి కాగితం ఎవరు పారేశారో అని మెచ్చుకున్నాడు కూడా. తీయబోతే దేవదూత బుగ్గలు నాని ఊడి వచ్చాయి.

సున్నం ఆరేలోగా రంగు పడాలి. ఇవాళ్టితో నా బతుకు బజారున పడ్డట్టే అనుకున్నాను. మాస్ట్రో నన్ను పక్కకి నెట్టి పరంజా ఎక్కాడు. కాగితం లేదు, చుక్క లేదు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి దేవదూత ముఖం గోడ మీంచి నవ్వుతోంది. ఒక్క గీత వంకర పోలేదు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంత చేతనైనవారు మమ్మల్ని ఇన్నాళ్ళూ చిల్లులతో ఎందుకు చంపుకుతిన్నారని అడిగేశాను.

ఆయన చేతులు కడుక్కుంటూ, దగ్గర్లో ఎవరూ లేరని చూసుకుని, "నీ చెయ్యి వణుకుతోందని నాకు రెండేళ్ళ నుంచీ తెలుసురా నెన్చో" అన్నాడు.

 అలాగైతే నా వంతుకి పొడిస్తే సరిపోయేది కదా, గోడంతా ఎందుకండీ అని నసిగాను.

"నీ వంతుకే పొడిస్తే నలుగురికీ తెలిసిపోదూ, వెధవా?"

ఏడుపొచ్చింది. ఏడ్చేశాను కూడా. మాస్ట్రో కొత్త కాగితం పరిచి, మొలలోంచి సూది తీశాడు.

"ఏడుపు తరవాత. ఆ కొస గట్టిగా పట్టుకో. రెక్కలకి ఇంకా నాలుగు వేల చిల్లులు పొడవాలి."