రెబెకా టీచర్ అంగడి పాఠం

రెబెకా టీచర్‌కు వార్తలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆమె బాపు ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు, మిగతా ఆరు రోజులూ హోటల్‌లో పేపరు చదివేవాడు. రెండింటినీ ఒకే గొంతుతో చదివేవాడట. లక్సెట్టిపేటకు కొంచెం దూరంలో ఉన్న మా హైస్కూల్లో ఆమె పద్నాలుగేళ్లుగా సోషల్ చెబుతోంది. నేను అక్కడే తెలుగు పండితుణ్ని. స్టాఫ్‌రూంలో మేమంతా ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటే, ఆమె ఒక్కతే జిల్లా పేజీ విప్పి, "ఫొటోల పదహారు మంది పెద్దమనుషులు, ఒక్కటే మొక్క. గీ మొక్కకు ఊపిరి ఆడుతదా?" అని అడిగేది. మేం నవ్వి, మళ్లీ ఫోన్లలోకి వెళ్లిపోయేవాళ్లం.

ఫోన్‌తో ఆమెకు అంతగా పొసగదు. ముఖం చూసి హాజరు వేసే యాప్ ఆమెను కళ్లద్దాలతో గుర్తుపట్టదు. అద్దాలు తీస్తే ఆమెకు యాప్ కనపడదు. రోజూ పొద్దున ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టేసరికి మొదటి గంట కొట్టేవాళ్లు.

నిరుడు జూలైలో తొమ్మిదో తరగతికి ప్రసార మాధ్యమాల పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నది చదివి వినిపిస్తే సరిపోయేది. జీతం అంతే వచ్చేది. కానీ ఆమె పిల్లలకు అబద్ధపు వార్తను పట్టుకోవడం నేర్పాలనుకుంది. బడి ఉన్న ఊళ్లో ప్రతి బుధవారం అంగడి, అదే వారం సంత, జరుగుతుంది. సోమవారం నాడు నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో "ఈ బుధవారం మన ఊరి అంగడి బంద్" అని రాసింది. దాని కింద చిన్న అక్షరాలతో "ఈ వార్త నిజమా? ఐదుగురిని అడిగి తెలుసుకుని రండి" అని రాసింది. ఆ రోజు బడికి రాని పిల్లల కోసం బల్లను ఫొటో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఎవరో పుణ్యాత్ములు ఆ ఫొటోలో కింది వాక్యాలు కత్తిరించారు. ఎవరన్నది ఈ రోజుకీ తెలియదు. పొద్దుగూకేలోపు ఆ ఫొటో రైతుల గ్రూపు, మహిళా సంఘం గ్రూపు, మూడు కుల సంఘాల గ్రూపులు చుట్టి వచ్చింది. పోయిన ప్రతిచోటా దానికి ఒక కారణం అతుక్కుంది. ఒకచోట వానల వల్ల బంద్, ఒకచోట పశువులకు రోగం వల్ల బంద్, మా బావమరిది గ్రూపులోనైతే మంత్రిగారి రాక వల్ల బంద్. టీచర్ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అంత గుండ్రంగా రాసింది అబద్ధమని ఎవరనుకుంటారు?

మంగళవారం పొద్దున ఉజ్వల్ వచ్చాడు. ఆరేళ్ల కింద ఆమె దగ్గర సోషల్‌లో సరిగ్గా పాస్ మార్కులు తెచ్చుకున్న కుర్రాడు. ఇప్పుడు 'ఉరుము టీవీ' అనే యూట్యూబ్ ఛానల్‌కు ఎడిటర్, రిపోర్టర్, కెమెరామన్ అన్నీ అతనే. బడి గేటు ముందే ఆమె ముఖానికి మైకు అడ్డం పెట్టాడు.

"మేడం నమస్తే. అంగడి ఎందుకు బంద్ అయితుందో జర జనానికి చెప్పుండ్రి."

"బంద్ లేదు, ఏం లేదు ఉజ్వల్. గది పాఠం. అబద్ధం వార్త ఎట్లుంటదో పిల్లలకు చూపిచ్చిన."

"అంటే, అబద్ధం రాసిన అని ఒప్పుకుంటున్నరు."

"పాఠం కోసం రాసిన."

"రాయమన్నది ఎవలు మేడం? మీ మీద ఒత్తిడి ఏమన్న ఉన్నదా?"

"ఉండె ఒత్తిడి, నీకు సోషల్ చెప్పేటప్పుడు. పక్కకు జరుగు, గంట కొట్టిండ్రు."

మధ్యాహ్నానికి వీడియో వచ్చింది. 'అంగడి బంద్‌పై మాట మార్చిన టీచర్! ఆమె వెనక ఉన్నది ఎవరు?' వెనక ఉన్నది మధ్యాహ్న భోజనం వండే గంగుబాయి. బియ్యం చేటతో అటుగా పోతూ కెమెరాలో పడింది. ఆమె చుట్టూ ఎర్ర గీతతో సున్నా చుట్టాడు. గంగుబాయి ఆ వీడియోను తన చెల్లెళ్లందరికీ పంపింది.

బుధవారం అంగడి ఎప్పటిలాగే పెట్టారు. జనమే లేరు. బడి అయ్యాక రెబెకా టీచర్ చూడ్డానికి వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. పక్క ఊరి సత్తవ్వ టమాటాలు, బీరకాయలు ముందేసుకుని కూర్చుంది. ఆమెకు ఫోన్ లేదు. కాబట్టి అంగడికి వచ్చేదాకా బంద్ అన్న మాట ఆమె చెవిన పడలేదు. ఆ రోజు అందరికంటే సరైన సమాచారం ఉన్న మనిషి ఆమే.

"ఏందవ్వా, ఏం అమ్ముడు పోలేదా?" అని అడిగింది టీచర్.

"కొనేటోళ్లు రావాలె గద బిడ్డా. ఎవలో టీచరమ్మ బల్ల మీద బంద్ అని రాసిందట. గామెకు నేనేం జేసిన?"

"గా టీచరమ్మను నేనే అవ్వా" అంది టీచర్. పాఠం సంగతి, ఫొటో సంగతి మొత్తం చెప్పి మాఫీ అడిగింది. సత్తవ్వ ఓపికగా వింది.

"అబద్ధం పట్టుకునుడు నేర్పేటందుకు అబద్ధం రాసినవు. మంచిదే. మరి రేపటిదాక కుళ్లకుండ ఉండుమని గీ టమాటలకు గూడ నేర్పు."

నేను మెల్లగా "పోదాం మేడం" అన్నాను. ఇలాంటప్పుడు నాకు వెంటనే తోచే ఉపాయం అదొక్కటే. ఆమె మాత్రం కొంగు నడుముకు చుట్టుకుని సత్తవ్వ పక్కన గోనెసంచి మీద కూర్చుంది. "రాండ్రి, రాండ్రి! అంగడి ఉన్నది! బంద్ లేదు!" అని కేకేసింది. నలభై మంది తొమ్మిదో తరగతి పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు అది. నాలుగు వీధులకు వినపడింది. మొదట వింత చూడ్డానికి వచ్చారు. వచ్చాక ఖాళీ చేతులతో పోలేక కొన్నారు. దీపాలు పెట్టే వేళకు గంపలు ఖాళీ అయ్యాయి. సంచి పట్టుకుని నిలబడిన నాక్కూడా మూడు కిలోల బీరకాయలు అంటగట్టింది.

ఇదంతా ఉజ్వల్ దూరం నుంచి తీశాడు. మర్నాడు 'జీతం చాలక కూరగాయలు అమ్ముతున్న టీచర్! చూస్తే కన్నీళ్లు ఆగవు' అని పెట్టాడు. వెనక వయొలిన్ కూడా ఏడిపించాడు. రెండు లక్షల మంది చూశారు. కింద సగం మంది సర్కారును తిట్టారు, సగం మంది టీచర్లను తిట్టారు. ఒకతను మాత్రం టమాటా కిలో ఎంత అని అడిగాడు. విషయం అర్థమైంది అతనికే.

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఉద్యోగంలో ఉంటూ వ్యాపారం చేస్తున్నట్లు వీడియో ద్వారా తెలిసిందట, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. హెడ్‌మాస్టర్ కరుణాకర్‌రావు ఆ కాగితాన్ని వేడి గిన్నెలా పట్టుకుని వచ్చాడు.

"మేడం, మాఫీ అడుగుతున్న అని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి."

"మాఫీ సత్తవ్వను అడిగిన సార్. వీళ్లనెందుకు అడగాలె?"

ఆమె సంజాయిషీ నాలుగే వాక్యాలు. "నేను వ్యాపారం చేయలేదు. నేను రాసిన మాట వల్ల ఒక పేదరాలికి నష్టం జరగబోతే పక్కన కూర్చుని సాయపడ్డాను. వీడియో తీసిన అబ్బాయి ఏం జరిగిందని మమ్మల్ని అడగలేదు. నోటీసు ఇచ్చిన మీరూ అడగలేదు." ఆ చివరి వాక్యం తీసేయమని హెడ్‌మాస్టర్ బతిమాలాడు. ఆమె తీయలేదు.

తర్వాతి బుధవారం విచారణకు ఒక అధికారి అంగడికే వచ్చాడు. "ఈ టీచర్ నీ దగ్గర వాటా ఏమైనా తీసుకుందా?" అని సత్తవ్వను అడిగాడు.

"వాటానా?" సత్తవ్వ బుగ్గలు నొక్కుకుంది. "గామెకు తూకమే రాదు సారూ. కిలో అడిగినోళ్లకు కిలోన్నర ఏసింది. గామెతోని యాపారం జేస్తే నేను బిచ్చమెత్తుకోవాలె."

అధికారి నవ్వు ఆపుకుని రాసుకున్నాడు. ఫైలు మూసేశారు. ఆ కబురు చెప్పినప్పుడు రెబెకా టీచర్ పెద్దగా సంతోషించలేదు. ఆ రోజు సత్తవ్వ అన్న టమాటాల మాటే ఇంకా గుచ్చుకుంటోందని చెప్పింది. ఆ తర్వాత బల్ల మీద తన సొంత అబద్ధం ఒక్కటీ రాయలేదు. పుస్తకంలో ఉన్నవే చెబుతోంది.

ఉజ్వల్ మళ్లీ వచ్చాడు. టీచర్ తప్పేమీ లేదని తేలినట్టు కూడా వీడియో పెట్టాడు పాపం. రెండు రోజుల్లో దాన్ని అరవై ముగ్గురు చూశారు.

"గిది నడుస్తలేదు మేడం" అన్నాడు దిగులుగా. "మీరు జర ఏడ్చినట్టు ఒక్క బైట్ ఇస్తే లేస్తది."

"ఏడుపు వస్తలేదు ఉజ్వల్. నిన్ను చూస్తే నవ్వొస్తుంది. కావాల్నంటే గది తీసుకో" అని ఆమె నిజంగానే నవ్వింది, చాలా రోజుల తర్వాత.

అతను కాసేపు ఆలోచించి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నవ్వుకు వ్యూస్ రావట.