రాని పదకొండుమందికి హాజరు

ఓబదయ్యది నరసాపురం దగ్గర పల్లె. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీకి పద్నాలుగేళ్లుగా టైమ్‌కీపర్. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రాయడమే పని. రాసింది నిజమై ఉండాలని ఆయన నమ్మకం. అలాంటి నమ్మకంతో అన్నేళ్లు ఉద్యోగం నిలవడమే విశేషం.

ఇంతమంది సౌదీలకు ఉద్యోగాలివ్వాల్సిందేననే నితాకత్ రూలు వచ్చాక, కంపెనీ ఎరుపు రంగులోకి, అంటే ఆ లెక్క తప్పినవాళ్ల జాబితాలోకి జారింది. సౌదీ ఉద్యోగులు చాలకపోతే మిగతావాళ్ల ఇకామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు, రెన్యువల్ కావు. మేనేజర్ ఒక్క మధ్యాహ్నంలో పదకొండుమంది సౌదీలను చేర్చాడు. ఆ కంపెనీలో ట్యూబ్‌లైటు కూడా అంత త్వరగా మార్చింది లేదు. వాళ్లెవరూ ఆఫీసు గుమ్మం తొక్కలేదు, తొక్కే ఉద్దేశమూ లేదు. తనిఖీకి చూపడానికి రోజూ వాళ్లకు హాజరు వేసి, ఒక్కో పేరు పక్కన ఓబదయ్య సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఫైనల్ ఎగ్జిట్, ఉద్యోగం పోయి ఇండియాకే.

ఆ శుక్రవారం ప్రార్థన యిర్మీయా గదిలో జరిగింది. అక్కడ చర్చిలకు అనుమతి లేదు గనక కర్టెన్లు మూసి, చప్పట్లు లేకుండా, పాటలు గొణుక్కుంటూ చేసే ఆరాధన. యిర్మీయా ఆ కంపెనీలోనే స్టోర్‌కీపరు, ప్రార్థనకు పెద్ద. సంగతి విని, కొత్త సంవత్సరం నాడు పంచగా మిగిలిన, ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వాక్యం ఉండే వాగ్దాన కార్డుల డబ్బా తెచ్చాడు.

"దేవుడే చెబుతాడు బ్రదర్. ఒకటి తియ్యి."

యథార్థంగా నడిచేవాడికి మేలు కలుగుతుందని వచ్చింది.

"మనసు నిలపకుండా తీశావ్. ఇంకోటి తియ్యి."

రెండోది సత్యం గురించి. యిర్మీయా డబ్బా గట్టిగా కుదిపాడు. మూడోదాంట్లో పచ్చిక, గొర్రెలు వచ్చాయి.

"అదీ! గొర్రెలంటే మన అరవైమంది లేబర్. కాపాడమంటున్నాడు. పెట్టెయ్యి సంతకం."

మూడో ప్రయత్నంలోనైనా దేవుడు కంపెనీ పక్షానికి వచ్చినందుకు అందరూ స్తోత్రం చెప్పారు.

ఓబదయ్య భార్య లీల పక్కనున్న అభా ఊళ్లో నర్సు. ఇంటికెళ్లి ఆమెకు అంతా చెప్పాడు.

"నన్ను పంపేస్తే నువ్వొక్కదానివే ఉండాలి."

"ఉంటాలెండి. చూడని పేషెంటుకి బీపీ చూసినట్టు నేను చార్టులో రాస్తే ఏమంటారు?"

"తప్పంటాను."

"మరి ఈపాటి దానికి మూడు కార్డులు తీశారా?"

మర్నాడు ఓబదయ్య పదకొండు గళ్లలోనూ 'రాలేదు' అని రాశాడు. మేనేజర్ కోప్పడలేదు. నెలలు పట్టే ఎగ్జిట్ కాగితాలు మూడు రోజుల్లో అయ్యాయి. క్యాంపులో పలకరింపులు ఆగిపోయాయి. జగిత్యాల నుంచి వచ్చిన ప్లంబరు భూమేష్ మాత్రం ఎదురొచ్చి అడిగాడు.

"నిన్ను నీ దేవుడు జూస్కుంటడే ఓబన్నా. మా ఇకామాలు ఎవడు జూస్తడు?"

ఓబదయ్య తల దించుకుని ఇంటికెళ్లి సూట్‌కేసు సర్దుకున్నాడు.

టైమ్‌కీపర్ కుర్చీ యిర్మీయాకు ఇచ్చారు. వీడ్కోలు ప్రార్థనా ఆయనే చేశాడు, ఆఫీసు తలుపు మూసి, కన్నీళ్లతో. ఆమెన్ చెప్పి, కళ్లు తుడుచుకుని, రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు.

"సంతకం పూర్తిగా పెట్టాలా అన్నా, పొట్టిది చాలా?"

"పొట్టిదే పెట్టు. రోజుకి పదకొండు పెట్టాలి," అన్నాడు ఓబదయ్య, సూట్‌కేసు అందుకుంటూ.