కంప్యూటర్‌కి శుక్రవారం బొట్టు

ఆ రోజుల్లో ఆఫీసులో కంప్యూటర్ అంటే ఇంటికొచ్చిన కొత్తల్లుడే. దానికో గది, దానికో ఏసీ, దాని ముందుకి చెప్పులతో వెళ్ళకూడదు, పక్కన గట్టిగా తుమ్మినా దాన్ని నడిపే మేడమ్ కళ్ళెర్రజేసేది. నేను చదివింది అయిదు (అదీ సగమే, మిగతా సగం మా చెల్లిని ఎత్తుకుని తిరగడంలో పోయింది). అయినా విశాఖపట్నం పోర్టు రోడ్డులో, ఓడల సరుకుకి కాగితాలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో తుడిచే పని దొరికింది. భీమిలి నుంచి రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. మా ఇంట్లో ఆఫీసు గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. నేను తుడిచేది నేలనని దాచేసి, "మా కోడలు ఆఫీసుకెల్తది" అని మా అత్త వీధంతా చెప్పుకుని తిరిగేది.

అసలు చిక్కంతా ఆవిడతోనే వచ్చింది. "అన్నం పెట్టేదానికి బొట్టెట్టాలే. మీ మావ చేపల వలకి ఎట్టడేటి?" అని ఒకరోజు గుర్తుచేసింది. ఆఫీసులో అన్నం పెట్టేది ఏదా అని చూశాను. మేనేజరు గారితో సహా అందరూ ఆ కంప్యూటర్ బల్లకింద డబ్బా మీదే ఆధారపడి ఉన్నారు. ఇక ప్రతి శుక్రవారం ఎవరూ రాకముందే నేల తుడిచి దానికి పూజ మొదలెట్టాను. దాన్ని రాత్రిళ్ళు కూడా ఆపేవారు కాదు. గోడవైపు పక్కన జల్లెడలాంటి కన్నాలుండేవి. అక్కడ చెయ్యి పెడితే గాలి లోపలికి లాగేది. ఊపిరి పీలుస్తోంది కాబట్టి అదే ముక్కు, బొట్టు ఆ పైనే పెట్టాలని తీర్మానించుకున్నాను. ఇనుము మీద కుంకుమ నిలవదు కదా, అందుకని ముందు కాస్త కొబ్బరినూనె రాసి, పసుపు పెట్టి, దానిమీద కుంకుమ. తర్వాత సాంబ్రాణి. పొగ చూపించగానే చక్కగా లోపలికి పీల్చేసేది. ఏ దేవుడూ నా చేతి ధూపం అంత ఇష్టంగా అందుకోలేదు. నిజం చెప్తున్నాను, కళ్ళు చెమర్చేవి.

ఇలా నాలుగైదు నెలలు గడిచాయి. ఒకరోజు ఓడకి కాగితాలు పంపాల్సిన పొద్దుటే ఆ డబ్బా ఆయాసపడ్డం మొదలెట్టింది. అయిదు నిమిషాలు గురగురమని ఆరిపోతుంది, మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. మద్దిలపాలెం మెకానిక్‌కి ఫోన్ చేస్తే రేపు సాయంత్రం దాకా రాలేనన్నాడట, కరెంటు తీసేసి, మూత విప్పి దుమ్ము దులుపుకోమన్నాడట, తడి మాత్రం తగలనివ్వద్దన్నాడట. మేనేజరు గారే మరలు విప్పారు. మూత తియ్యగానే ఆ పెద్దమనిషి రెండడుగులు వెనక్కి వేశారు. లోపల పసుపు, ఎరుపు, వాటిమీద పోర్టు నల్లధూళి, అచ్చం జాతరలో అమ్మవారి ముఖంలా ఉంది. ఆయనది గోదావరి వైపు, కోపంలో కూడా మర్యాద వదలరు.

"ఎవరండీ ఇందులో పూజ చేసింది?"

మేడమ్ నావైపు చూసింది. నేను చీపురువైపు చూశాను. అది సాయం రాదని తెలిసి, "నానే బాబూ. శుక్రవారం శుక్రవారం" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. రేపటినుంచి రానక్కర్లేదని మెల్లగా చెప్పారు. నాకు ముందు గుర్తొచ్చింది ఉద్యోగం కాదు, వీధంతా చెప్పుకున్న మా అత్త ముఖం. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఎల్తాను బాబూ. నాను ఎట్టింది నానే తీసేసి ఎల్తాను."

ఎవరూ వద్దనలేదు (వేరే దారి కూడా లేదు). డబ్బాని వరండాలోకి మోసుకెళ్ళాను. రంగులేసే కొత్త బ్రష్షు ఒకటి, వాచ్‌మన్ సైకిలు పంపు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. పంపు కొట్టగానే లోపలి ఫ్యాను బొంగరంలా తిరిగింది. "అక్కా, రెక్క తిరగనీకు, పాడైపోద్ది" అని మేడమ్ తనే వచ్చి వేలితో పట్టుకుంది. నూనె అంటిన చోట పొడిగుడ్డ పెట్టాను. ఫ్యాను కింద దువ్వెన పళ్ళలా రేకులున్నాయి, వాటి సందుల్లో దుమ్ము కంబళిలా అల్లుకుపోయింది. గాలికి కదల్లేదు, బ్రష్షుకి లొంగలేదు. చీపురుపుల్ల తీసుకుని, పిల్లలకి చేప ముల్లు తీసినట్టు ఒక్కొక్క సందూ తీశాను. ఆ పని మాకెవరూ నేర్పక్కర్లేదు.

మూత బిగించి స్విచ్చి వేశారు. అయిదు నిమిషాలు ఎవరూ కూర్చోలేదు. పది నిమిషాలయింది. ఆ ఆయాసం లేదు, గురక లేదు, పాలు తాగి పడుకున్న పసిపిల్లలా ఉంది. కాగితాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మేనేజరు గారు వాటిమీద సంతకాలు చేసి పంపించి, టీ తాగి, తలెత్తకుండానే అన్నారు: "అమ్మాయ్, రేపు కాస్త తొందరగా రా. నా గదిలోదాన్ని కూడా ఇలాగే చెయ్యాలి." కప్పు పక్కన పెట్టి, "కుంకుమ మాత్రం గోడమీద దేవుడి పటానికి పెట్టు."

సాయంత్రం నేను చేతులు కడుక్కోలేదు. గోళ్ళదాకా నలుపూ ఎరుపూ. బస్సులో కావాలనే పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, ఏటమ్మా ఆ చేతులని ఎవరైనా అడుగుతారని. పక్కావిడ చీర దూరంగా లాక్కుంది తప్ప భీమిలి దాకా ఒక్కరూ అడగలేదు. చివరికి మా ఆయనే అడిగాడు. కంప్యూటర్ బాగుచేసి వత్తన్నానని చెప్పాను. ఆయన నమ్మలేదు, మా అత్త నమ్మింది, చీకటి పడకముందే వీధంతా నమ్మింది. ఇన్నేళ్ళయ్యాక అప్పటి ఆ పిల్లని, అంటే నన్నే, తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రాత్రి అన్నానికి చేతులు కడిగేసుకుంది పిచ్చిది, స్పూనుతో తిని ఇంకో రెండ్రోజులు ఉంచుకోవాల్సింది.