ఎడమ కాలి రూలు

ఈ సాయంత్రం తాండూరు బస్టాండు పక్క టీ హోటల్లో కూర్చున్నాం. టీవీలో నలుగురు గొంతులు చించుకుంటున్నారు: ట్రాన్స్‌జెండర్ మహిళలను అంతర్జాతీయ మహిళల ఫుట్‌బాల్‌లో ఆడనివ్వాలా, వద్దా అని. నా ఎదురుగా ఆకుపచ్చ చీరలో రజని టీ చల్లార్చుకుంటోంది. బడిలో తన పేరు రాజు.

మగపిల్లలు ఏడిపిస్తారని తను మా ఆడపిల్లలతోనే ఆడేది. గోలుపోస్టులంటే నిలబెట్టిన రెండు నాపరాళ్లు. తను కుడి కాలితో తంతే బంతి పక్కనున్న నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ గోడ దాటేది. ఎదుటి జట్టు అన్యాయమని అలిగితే, అందరం కలిసి ఓ రూలు పెట్టుకున్నాం. రాజు ఎడమ కాలితోనే తన్నాలి.

"నువ్వేమంటవ్ రజనీ? వాళ్లను ఆడనియ్యాల్నా?" అని అడిగాను.

"గంత పెద్ద ఆటల సంగతి నాకేమెరుకనే. మీరైతే నన్ను ఎడమ కాలుతోని ఆడుమన్నరు. ఇంటికి పొమ్మనలే."

పెద్ద పోటీల్లో బలం, వేగం, పతకాలు ఉంటాయి. అది ఎడమ కాలితో తేలేది కాదని నాకూ తెలుసు. కానీ పదేళ్ల వయసులో మాకున్నపాటి ఓపిక టీవీలోని ఆ నలుగురిలో ఒక్కరికీ కనబడలేదు. మీ వాడకట్టు ఆటల్లో ఇలాంటి రూలేమైనా ఉండేదా?

రజని మాత్రం వికారాబాద్ బస్సెక్కుతూ, నన్నే చూస్తూ, కావాలని ఎడమ కాలు ముందు పెట్టింది.