మక్ వదిన దువ్వెన

పక్కింటి లన్ తన కూతురు టుంగ్ పెళ్లి కేకుల పెట్టె తెచ్చి బల్ల అంచున పెట్టేసరికి మక్ వదిన మాజాంగ్ పలకలు పేరుస్తోంది. రోజూ మధ్యాహ్నం ఆ బల్ల చుట్టూ నలుగురం కూర్చునేవాళ్లం. మక్ అన్న, వదిన, లన్, ఎదురింటి నేను. కౌలూన్‌లోని మా పాత సర్కారు భవనంలో ఇళ్లు అగ్గిపెట్టెలంత. వాళ్లింట్లో కుర్చీలకు చోటు లేదు. మక్ అన్న డయాలసిస్ ద్రవం వచ్చే అట్టపెట్టెలే మా పీటలు.

"కూర్చోవే, నీ వంతే," అన్నాడు మక్ అన్న.

లన్ కూర్చోలేదు. కేకుల పెట్టె మీది ఎర్ర దారాన్ని వేలికి చుట్టుకుంటూ, "వదినా, టుంగ్ తల దువ్వడానికి మా ఆడపడుచు ఎవరినో మాట్లాడిందట. డబ్బిస్తే వచ్చే మనిషి. మీకెందుకు శ్రమ అని..." అంది.

వదినకు ఎడమ చెవి వినపడదు. "ఏంటీ?" అంది.

లన్ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి గట్టిగా, వరండాలో పోయేవాళ్లకు కూడా వినపడేలా. చెప్పేలోగా ఆమె మెడ దాకా ఎర్రబడింది. వదినకు మొదటిసారే వినపడిందని మక్ అన్న తర్వాత నాతో చెప్పాడు.

పెళ్లికూతురి తల దువ్వడానికి మా దగ్గర భాగ్యవతిని పిలుస్తారు. మొగుడు బతికుండాలి, పిల్లలు చల్లగా ఉండాలి, ఆమె చెయ్యి పడితే కొత్త కాపురం పచ్చగా ఉండాలి. ముప్పై ఏళ్లుగా మా అంతస్తులో ఆ చెయ్యి మక్ వదినదే. నా కూతురి తలా ఆమే దువ్వింది. ఆ దువ్వెన, ఎర్రగుడ్డ చుట్టి, బీరువాలో నాఫ్తలీన్ వాసనలో నిద్రపోతూ ఉండేది. వదినకు ముక్కు వెనక కాన్సర్ వచ్చాక దాన్ని ఎవరూ లేపలేదు. ఒకరి పెళ్లి హోటల్లో జరిగిందన్నారు, ఒకరు అసలు దువ్వే ముచ్చటే మానుకున్నామన్నారు. అన్నీ నమ్మినట్టే నమ్మింది. టుంగ్ పెళ్లి ఒక్కటి చాలనుకుంది. లన్ హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగే రోజుల్లో టుంగ్ పెరిగింది వదిన ఒళ్లోనే. ఆ పిల్ల బడికి వెళ్లే రెండు జడలూ రోజూ వదిన వేసినవే.

వదినకు కోపం వస్తే గొంతు లేవదు, ఇంకా కిందికి దిగుతుంది. కాన్సర్‌కు పెట్టిన కిరణాలు సగం గొంతును కాల్చేశాయి. సీసా ఎత్తి ఒక గుక్క నీళ్లు తాగి అంది.

"నా మొగుడు చచ్చాడా లన్?"

"అయ్యో, అదేం మాట వదినా!"

"ఎదురుగా ఉన్నాడు, చూసుకో. బతికున్నాడని నాకు రోజూ పొద్దున్నే తెలుస్తుంది. మిగతా ఆడాళ్లకి తెలుస్తుందా? వాళ్ల మొగుళ్లు గురకపెడితే బతికున్నట్టు. నేను సంచి ఎత్తి వెలుతుర్లో పెట్టి చూస్తాను."

అది నిజం. మక్ అన్న రెండు కిడ్నీలూ పనిచేయవు. రోజుకు నాలుగుసార్లు కడుపులోకి మంచి ద్రవం ఎక్కించుకుని, పాతది సంచిలోకి దింపుకోవాలి. దిగిన సంచిని వదిన పేపర్లోని గుర్రప్పందేల పేజీ మీద పెడుతుంది. లేత కషాయం రంగు నీళ్లలోంచి గుర్రాల పేర్లు స్పష్టంగా కనపడితే ఆ రోజు గడిచినట్టే. మసకబారితే కడుపులో చీము, ఆసుపత్రి. "మూడో పందెంలో నల్లగుర్రం మెరిసిపోతోందయ్యా," అంటుంది. "అయితే దాని మీదే కాస్తాను," అంటాడాయన. ఆ గుర్రం ఎప్పుడూ గెలవదు.

"నీ మొగుడు పోయిన ఏడు, మీ ఆడపడుచు కొడుకు పెళ్లిలో నిన్ను ఏ మూల కూర్చోబెట్టారో మర్చిపోయావా?" అంది వదిన. "ఆ రోజు ఎవరి ఒళ్లో ఏడ్చావ్?"

లన్ వెనక్కి తిరిగింది. కేకులు వదిలేసి వెళ్లిపోయింది. వదిన గొంతులో ఆ పొడి కేకు దిగదు. మక్ అన్నకు డాక్టరు వద్దన్నాడు. మర్నాడు మెట్ల దగ్గర పిల్లలు తినేశారు.

నాకు కోపం తెప్పించింది లన్ ఆడపడుచు ఒక్కతే కాదు. మా భవనమంతా. మక్ అన్నా వదినా మంచాన పడి మూలుగుతుంటే అందరూ జావ కాచి తెచ్చేవాళ్లు, కళ్లు తుడుచుకునేవాళ్లు. వీళ్లు అలా పడుండలేదు. మక్ అన్న పొద్దున్నే కింద చెట్ల దగ్గర ముసలాళ్లతో కలిసి చేతులు గాలిలో ఈదిస్తాడు, కడుపులో రెండు లీటర్ల నీళ్లు తొణుకుతుండగానే. వదిన, లాలాజలం ఊరని నోటితో, శనివారం సంఘం గదిలో పాత నాటకాల పాటలకు తాళం కొడుతుంది. పాడలేదు, అయినా మానదు. ఆదివారం కొడుకూ కూతురూ వస్తే నలుగురూ టీ హోటల్‌కి వెళ్తారు. మక్ అన్న టీ ఒక్క గుక్కే తాగాలి. ఆ గుక్కను పావుగంట తాగుతాడు. ఇదంతా చూసి, "అంత రోగం పెట్టుకుని ఆ నవ్వులేంటమ్మా!" అన్నారు. లిఫ్ట్‌లో వదిన ఎక్కితే గోడవైపు తిరిగేవాళ్లు. జబ్బును క్షమించారు. నవ్వును క్షమించలేకపోయారు.

ఈ వసంతంలో వదిన మెడలో మళ్లీ గడ్డలు కనపడ్డాయి. కీమో సూదులు మొదలయ్యాయి. టుంగ్ పెళ్లి దాకా జుట్టు ఉంటుందా అని డాక్టరును అడిగింది. "పెళ్లి మీదా?" అన్నాడట ఆ కుర్రడాక్టరు. "కాదు, నేను దువ్వాల్సిన పిల్లది. బోడిగుండు వేసుకుని దువ్వితే బాగుంటుందా?" అందట. జుట్టు ఉంది, పలచగా. వెనక మెడ దగ్గర మాత్రం ఎప్పుడో కిరణాలకు రాలింది, మళ్లీ రాలేదు.

లన్ రావడం మానేసింది. ముగ్గురం కూర్చుని పలకలు కలిపేవాళ్లం, వానాకాలం కప్పు మీద చినుకుల చప్పుడులా. ఆట సాగేది కాదు. ఖాళీ పెట్టె మీద ఎండ కూర్చునేది.

పెళ్లి ముందు రోజు, తల దువ్వడానికి పంచాంగం పెట్టిన ముహూర్తం సాయంత్రం. పక్కింట్లోంచి, పెళ్లికూతురి స్నానానికి పంపరపనస ఆకులు మరిగే వాసన వరండా అంతా నిండింది. అద్దె భాగ్యవతి లిఫ్ట్ దిగి, ముత్యాల గొలుసు సర్దుకుంటూ లన్ ఇంట్లోకి వెళ్లింది. మక్ వదిన అది చూసింది. చూసి, తలుపు మూసింది, కిటికీలు మూసింది, ఫ్యాను ఆపింది.

"సంచి మార్చడం ఇప్పుడే కానిద్దాం," అంది.

"ఇంకా టైముందిగా ముసలీ," అన్నాడు మక్ అన్న.

"నాకు చేతులు ఖాళీగా ఉంటే ఎవర్నో కొడతాను. కూర్చో."

నేను మాస్కు కట్టుకుని మూల పెట్టె మీద కూర్చున్నాను. వదిన మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంది. చర్మాన్నే విప్పేస్తుందేమో అన్నంత గట్టిగా. మంచి సంచిని పెద్దల పటం పక్కన కొక్కేనికి తగిలించింది. గొట్టం మూత తీస్తున్న క్షణంలో తలుపు దబదబలాడింది.

"పెద్దమ్మా! తలుపు తియ్!"

టుంగ్ గొంతు.

"తియ్యను!" అంది వదిన. ఆ కాలిన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "గొట్టం కలుపుతున్నాను. గాలి తగలకూడదు. ఆగు!"

"ముహూర్తం దాటిపోతోందే! ఆవిడెవరో వచ్చింది. ఆవిడ చేత్తో నేను దువ్వించుకోను!"

"దాటిపోనీ! నా మొగుడి కడుపు కన్నా మీ పంచాంగం ఎక్కువా?"

బయట టుంగ్ మేనత్త, అదే లన్ ఆడపడుచు, కేకలు మొదలుపెట్టింది. స్నానం చేసిన తలతో గడప దాటావు, అపశకునం, సిగ్గులేదు, అంటూ. లన్ ఏడుపు. టుంగ్ మాత్రం ఇనుప గేటు పట్టుకుని కదల్లేదు. వదిన తొందరపడలేదు. గొట్టం బిగించింది, మీట తిప్పింది, కింది సంచిలోకి పాత నీళ్లు దిగడం మొదలయ్యేదాకా చూసింది. అప్పుడు లేచి తలుపు తీసింది.

ఎర్రటి కొత్త పైజామాలో, జుట్టు నుంచి నీళ్లు కారుతూ, టుంగ్.

"ఇప్పుడు గుర్తొచ్చానా?" అంది వదిన. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. "నేను అరువు దువ్వెననా, పక్కింట్లో దొరక్కపోతే తీసుకెళ్లడానికి?"

"నాకు ఇవాళే చెప్పారు పెద్దమ్మా. నువ్వే రానన్నావని అత్త చెప్పింది. సూదుల వల్ల ఓపిక లేదన్నావట."

వదిన మేనత్త వైపు చూసింది. చాలాసేపు. ఆ చూపు కింద మేనత్త ఒక అడుగు వెనక్కి వేసింది.

"చేతులు కడుక్కుని లోపలికి రా," అంది టుంగ్‌తో.

మక్ అన్న కాళ్ల దగ్గర, నిండుతున్న సంచి పక్కన, ఆ పిల్ల అట్టపెట్టె మీద కూర్చుంది. బీరువా తెరుచుకుంది. నాఫ్తలీన్ వాసన ఇల్లంతా పాకింది. ముహూర్తం ఉందో పోయిందో ఎవరూ గడియారం చూడలేదు. దువ్వేటప్పుడు అనవలసిన మాటలు మా అందరికీ నోటికి వచ్చు. వదిన అవి అనలేదు.

మొదటిసారి దువ్వుతూ, "నీ మొగుడికి జబ్బు చేసిన రోజు పారిపోకు," అంది.

రెండోసారి, "నీకు జబ్బు చేసిన రోజు వాణ్ని పారిపోనివ్వకు."

మూడోసారి దువ్వెన మొన దాకా వచ్చి ఆగింది. వదిన తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. "మీ ఇద్దర్నీ చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లని, అక్కడే ఉండనివ్వు."

"ముసలీ, దీవెనలా లేదే, బెదిరిస్తున్నట్టుంది," అన్నాడు మక్ అన్న.

"నువ్వు కదలకు. గొట్టం మడత పడుతుంది."

టుంగ్ నవ్వింది. నవ్వుతుంటే జుట్టు చివర్ల నుంచి నీళ్లు గుర్రప్పందేల పేజీ మీద పడ్డాయి. మేనత్త విసురుగా వెళ్లిపోయింది. ముత్యాల గొలుసు ఆవిడ కూడా తన డబ్బు గురించి అడుగుతూ ఆమె వెనకే వెళ్లింది.

లన్ మిగిలింది. పిల్ల దువ్వించుకున్నాక తినాల్సిన తీపి ఉండల గిన్నె రెండు చేతులా పట్టుకుని, గడపకు అవతల. ఆవిరి ఆమె ముఖాన్ని కప్పేసింది.

వదిన ఆమెను క్షమించలేదు. ఆ సాయంత్రం కాదు, ఆ తర్వాత చాలా రోజుల దాకా కాదు. కానీ గేటు మూయలేదు.

"గిన్నె ఆ పెట్టె మీద పెట్టు," అంది. "మాస్కు అక్కడుంది. సబ్బు అక్కడుంది."

లన్ గిన్నె దించి, కుళాయి తిప్పింది. వేళ్లు రుద్దుకుని చేతులు దులపబోయింది.

"ఇంకా," అంది మక్ వదిన, దువ్వెనను ఎర్రగుడ్డలో చుడుతూ. "మోచేతుల దాకా."